ఐదు టన్నుల మామిడికాయలూ, ఆటల కంప్యూటరూ

పిల్లలూ,

చిత్తూరు పట్నం నాలుగు దారులు కలిసే కూడలి. తూర్పుగా పోతే చెన్నై, దక్షిణంగా పోతే వేలూరు, పడమరగా పలమనేరు మీదుగా పోతే బెంగుళూరు, ఉత్తరంగా పోతే తిరుపతి. బజారులో ఒక్క ఘడియ నిలబడితే చాలు, తెలుగు, తమిళం, కన్నడం మూడూ చెవిని పడతవి. జూన్, జూలై నెలలలో మాత్రం ఎవరు ఏ భాషలో మాట్లాడినా మాట ఒక్కటే. అది మామిడికాయల మాట. తోతాపురి కాయలు నింపుకున్న ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి వుంటవి.

ఈసారి మనం ఈ చిత్తూరులో బయలుదేరి తిరుపతి దాకా పోదాం. దారిలో చూడదగినవి చాలా వున్నవి. వాటిని చూస్తూనే, తక్కువ ఖర్చులో ఇంట్లోనే బిగించుకునే ఆటల కంప్యూటరుకు విడిభాగాలు ఎలా ఏరుకోవాలో నేర్చుకుందాం. చంద్రగిరి కోటకూ, పుంగనూరు ఆవుకూ, కంప్యూటరుకూ సంబంధం ఏమిటా అని మీరు నవ్వవచ్చు. కాస్త ఓపిక పట్టండి.

ముందుగా డబ్బు సంగతి. పూతలపట్టు దగ్గర ఒక పల్లెలో నా పాత శిష్యుడు ఒకడు మామిడితోట సాగుచేస్తున్నాడు. 2025లో కాయ విరగకాసింది, కాని ధర పడిపోయింది. ఆ జూన్‌లో ప్రభుత్వం తోతాపురి కాయకు కిలో 12 రూపాయలుగా నిర్ణయించింది. అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీలు ఇవ్వాలి, తక్కిన 4 రూపాయలు తానే ఇస్తానన్నది. ఇతని కొడుకు తొమ్మిదవ తరగతి చదువుతున్నాడు. ఆటల కంప్యూటరు కొనిపెడతానని తండ్రి రెండేళ్లుగా మాట ఇస్తూ వచ్చాడు. మాట తప్పటం ఇష్టంలేక 60 వేల రూపాయలు పక్కన పెట్టి, "అయ్యవారూ, ఇంతకు మించి ఒక్క రూపాయి నా దగ్గర లేదు. మీరు కూడా తోడు రండి" అని నన్ను పిలిచాడు.

నేను ఆ అబ్బాయిచేత ఒక లెక్క చేయించాను. కిలో 12 రూపాయల చొప్పున 60 వేల రూపాయలకు ఎన్ని కిలోల కాయ? 5 వేల కిలోలు, అనగా ఐదు టన్నులు! కోత కూలి, బండి బాడుగ అందులో తీసివేయనే లేదు. అబ్బాయి కొంతసేపు మాట్లాడలేదు. ఆ తరువాత ప్రతి వస్తువు ధరనూ వాడు టన్నులలోకి మార్చి చూసుకోసాగాడు.

ఇక పుంగనూరు ఆవు సంగతి. ఈ సీమలో పుట్టిన ఈ పొట్టి జాతి పశువు ఎత్తు సుమారు మూడడుగులే. పలమనేరులోని పశు పరిశోధనా కేంద్రంలో ఈ జాతిని కాపాడుతున్నారు. ఒంగోలు గిత్త అయితే దాదాపు ఐదడుగులు వుంటుంది. ఒకే కాడికి ఒక పక్క ఒంగోలు గిత్తనూ, మరొక పక్క పుంగనూరు గిత్తనూ కడితే ఏమవుతుంది? కాడి ఒక పక్కకు ఒరుగుతుంది. పెద్ద గిత్త ఎంత బలమైనదైనా, బండి చిన్న గిత్త నడకతోనే నడుస్తుంది. రెండూ మంచి పశువులే, అయినా అవి జత కావు.

కంప్యూటరు కూడా ఇటువంటి బండే. అందులో రెండు ముఖ్యమైన ఎడ్లు వున్నవి: ఒకటి ప్రాసెసరు, రెండవది గ్రాఫిక్స్ కార్డు. ఆటలో శత్రువు ఎటు పరుగెత్తాలి, బంతి ఎక్కడ పడాలి, ఎవరికి ఎన్ని పాయింట్లు అన్న లెక్కలన్నీ ప్రాసెసరు చేస్తుంది. ఆ లెక్క ప్రకారం తెరమీద బొమ్మను గ్రాఫిక్స్ కార్డు గీస్తుంది. ఒకటి మరీ గొప్పదీ, మరొకటి మరీ నాసిదీ అయితే, గొప్పదానికి పెట్టిన డబ్బు దండుగ.

బస్సు పూతలపట్టు దాటి కొంత దూరం పోయాక గాదంకి వస్తుంది. ఇక్కడ జాతీయ వాతావరణ పరిశోధనశాల వున్నది. ఆకాశంలో ఎంతో ఎత్తున వీచే గాలులను కనిపెట్టే పెద్ద రాడారు ఇక్కడిది. 1990వ దశకం నుంచి పనిచేస్తున్నది. ఈ రాడారుకు గుండ్రంగా తిరిగే పెద్ద పళ్లెం లేదు. దాదాపు నాలుగు ఎకరాల నేలమీద, వరుసకు 32 చొప్పున 32 వరుసలలో, మొత్తం 1,024 చిన్న ఏంటెన్నాలు నాటి వున్నవి. ఒక్కొక్కటి చూడటానికి పాతకాలపు ఇళ్లమీది టెలివిజన్ ఏంటెన్నా వంటిదే. కాని వెయ్యిన్ని ఇరవై నాలుగూ కలిసి ఒకేసారి పనిచేస్తే, కిలోమీటర్ల ఎత్తున వీచే గాలి జాడ తెలుస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు చేసే పని సరిగ్గా ఇటువంటిదే. మామూలు తెరమీద అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు వుంటవి. రెండూ గుణిస్తే 20 లక్షల 73 వేల 600 చుక్కలు. ఆట సాఫీగా కనబడాలంటే సెకనుకు 60 బొమ్మలు గీయాలి. అనగా ఒక్క సెకనులో 12 కోట్ల 44 లక్షల 16 వేల చుక్కలకు రంగు నిర్ణయించాలి! ఎంత తెలివైనవాడైనా ఒక్కడు చేయగల పని కాదు ఇది. అందుకే గ్రాఫిక్స్ కార్డులో వందల, వేల కొద్దీ చిన్న లెక్కలగాళ్లు వుంటారు. 2021లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600 అనే మధ్యతరగతి కార్డులో 1,792 మంది వున్నారు. ప్రాసెసరులో మాత్రం కొద్దిమందే వుంటారు, కాని ఒక్కొక్కడు మహా మేధావి. 2022లో వచ్చిన రైజెన్ 5 5600లో ఆరుగురు. ఈ రెండింటినీ జతకట్టవచ్చు, కాడి ఒరగదు.

"సార్, అయితే ఇంకా పెద్ద తెర కొంటే ఇంకా బాగుంటుంది కదా?" అన్నాడు అబ్బాయి. తెరమీద చుక్కలు నాలుగు రెట్లయితే కార్డుకు పని కూడా దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఫోర్‌కే అనే తెరలలో సరిగ్గా నాలుగు రెట్ల చుక్కలు వుంటవి. వాటికి తగిన కార్డు కావాలంటే ఐదు టన్నుల కాయలు చాలవు. అందుకని కొనేవాడు మొదట తెర ఎంతదో నిర్ణయించుకొని, దానికి తగిన కార్డునూ, కార్డుకు తగిన ప్రాసెసరునూ వెతకాలి.

గాదంకి దాటితే చంద్రగిరి. విజయనగర రాజుల చివరి రాజధానులలో ఇది ఒకటి. కొండ కింద మూడంతస్తుల రాజమహలు ఇప్పటికీ నిలిచి వున్నది. రాయి, ఇటుక, సున్నంతోనే దీనిని కట్టారు, కలప వాడలేదు. ఇప్పుడు అందులో పురావస్తు ప్రదర్శనశాల వున్నది. మండుటెండలో వెళ్లి చూడండి. కమానుల గుండా గాలి ఒక పక్క నుంచి వచ్చి మరొక పక్కకు పోతూ వుంటుంది.

కంప్యూటరు పెట్టెకు కూడా ఈ సూత్రమే కావాలి. ఈ పెట్టెను దుకాణాలలో క్యాబినెట్ అంటారు. లోపల ప్రాసెసరు, కార్డు పొయ్యి మీద పెనంలా వేడెక్కుతవి. ముందు పక్క జల్లెడ వంటి రేకు వుండి చల్లగాలి లోపలికి రావాలి, వెనుక ఫాను వేడిగాలిని బయటికి తోయాలి. ముందంతా అద్దం బిగించి, లోపల రంగురంగుల దీపాలు పెట్టిన క్యాబినెట్ చూడముచ్చటగా వుంటుంది, కాని గాలి ఆడదు. మన వైపు ఎండలు 40 డిగ్రీలు దాటుతవి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. కంప్యూటరు మాత్రం ఏం తట్టుకుంటుంది? వేడి హద్దు మీరితే ప్రాసెసరు తనను తాను కాపాడుకోవటానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు ఆట నత్తనడక నడుస్తుంది. మూడు నెలలకొకసారి దుమ్ము దులపటం కూడా మరువరాదు.

మధ్యాహ్నానికి తిరుపతి చేరుకున్నాం. తిరుపతికి వచ్చి తిరుమల మాట ఎత్తకుండా వుండగలమా? శ్రీవారి ఆలయంలో ప్రసాదాలు వండే వంటశాలను పోటు అంటారు. బియ్యం, పప్పు, నెయ్యి మొదలైనవి నిలవచేసే కొట్టును ఉగ్రాణం అంటారు. వండేవారు ప్రతి చిటికెడు ఏలకులకూ ఉగ్రాణానికి పరుగెత్తరు. ఆ పూటకు కావలసిన సరుకులు పోటులోనే చేతికందేటట్లు పెట్టుకుంటారు. కంప్యూటరులో పోటు వంటిది ర్యాము. ఉగ్రాణం వంటిది ఎస్.ఎస్.డి. కరెంటు పోతే ర్యాములో వున్నదంతా తుడిచిపెట్టుకు పోతుంది, ఎస్.ఎస్.డి.లో వున్నది పోదు.

ఈనాటి ఆటలకు 16 జీబీ ర్యాము వుంటే మంచిది. 16 జీబీ ముక్క ఒకటి కొనటం కంటే 8 జీబీ ముక్కలు రెండు కొనటం మేలు. ఒక పరిచారకుడికి బదులు ఇద్దరు సరుకులు అందించినట్లు, సమాచారం రెండు దారుల గుండా వస్తుంది. ఉగ్రాణం విషయంలో పాత కాలపు తిరిగే హార్డ్ డిస్కు సెకనుకు 150 మెగాబైట్ల ప్రాంతంలో అందిస్తే, సాటా ఎస్.ఎస్.డి. 550 దాకా, ఎన్‌వీఎంఈ ఎస్.ఎస్.డి. 3 వేలకు పైగా అందించగలవు. పెద్ద ఆట ఒక్కొక్కటి 100 జీబీ దాకా చోటు ఆక్రమిస్తుంది. అందుచేత 500 జీబీ కొంటే అటువంటివి నాలుగు పెట్టుకోవచ్చు. ఐదవది కావలసినప్పుడు ఒకటి తీసివేయాలి.

మేము ఒక దుకాణానికి వెళ్లాం. దుకాణదారు నవ్వుతూ ఒక పెట్టెను చూపించాడు. అద్దాల గోడలు, లోపల తిరిగే ఎర్రటి, నీలపు దీపాలు. "ఐ7 సిస్టం సార్! ఐ5 కంటే పెద్దది. తెరతో సహా 55 వేలు. ఇప్పుడే బిల్లు వేసేస్తా" అన్నాడు. అబ్బాయి కళ్లు మెరిసినవి. తండ్రికి కూడా 5 వేలు మిగులుతాయన్న ఆశ కలిగింది.

"ఏ తరం ఐ7, బాబూ?" అని అడిగాను.

దుకాణదారు తల గోక్కుని, "మూడవ తరం సార్" అన్నాడు.

మూడవ తరం ఐ7 వచ్చింది 2012లో! ఐ7, ఐ5, రైజెన్ 7, రైజెన్ 5 అన్నవి ఒకే తరంలోని అన్నదమ్ముల వరుసలు. తరం మారితే ఆ వరుస చెల్లదు. పదేళ్ల తరువాత పుట్టిన తమ్ముడు పాత అన్నను సులువుగా దాటిపోతాడు. పైగా ఆ పెట్టెలో వేరే గ్రాఫిక్స్ కార్డే లేదు. ఎస్.ఎం.పి.ఎస్. మీద ఏ కంపెనీ పేరూ లేదు. దీపాలకు మాత్రం లోటు లేదు.

ఎస్.ఎం.పి.ఎస్. అంటే ఏమిటో చెప్పాలి. గోడలోనుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులకు దించి, అన్ని భాగాలకు పంచిపెట్టే పెట్టె అది. అది నాసిరకం అయితే, చెడిపోయే వేళ తనతోపాటు తక్కిన భాగాలను కూడా పాడుచేయవచ్చు. ఎంత శక్తిగలది కావాలి? అబ్బాయి కాగితం తీసుకుని లెక్క వేశాడు. ప్రాసెసరుకు 65 వాట్లు, కార్డుకు 132, తక్కినవాటికి ఒక 50. మొత్తం 250కి లోపు. అప్పుడప్పుడు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది కాబట్టి రెట్టింపు వుంచుకుంటే నిశ్చింత. 550 వాట్లది చాలు. దానిమీద 80 ప్లస్ అనే ముద్ర చూసి కొనాలి. తాను తీసుకున్న కరెంటులో నూటికి కనీసం 80 పాళ్లు భాగాలకు అందిస్తుందని పరీక్షించి వేసే ముద్ర అది. ఇంకొక లెక్క: 250 వాట్ల కంప్యూటరు నాలుగు గంటలు నడిస్తే ఒక యూనిట్ కరెంటు కాలుతుంది.

"ఆ పెట్టె తీసుకుంటే ఈరోజే ఇంటికి తీసుకుపోవచ్చు గదా, నాయనా" అన్నాడు అబ్బాయి తండ్రితో, మెల్లగా. తండ్రి నా మొహం చూశాడు. నేను ఏమీ అనలేదు. కాగితం అబ్బాయి చేతిలోనే వున్నది. వాడు మరొకసారి ఆ పెట్టె చుట్టూ తిరిగాడు. తరువాత దుకాణదారు దగ్గరకు పోయి, "ఆ దీపాలు వద్దన్నా, విడిభాగాల ధరలు చెప్పండి" అన్నాడు.

ఆ దుకాణదారు కూడా మంచివాడే. కుర్చీలు వేయించి, ఒక్కొక్క భాగమూ బల్లమీద పెట్టి చూపించాడు. ఆరోజు, అనగా 2025 ఆగస్టులో, మేము వేసుకున్న పట్టిక ఇది. ధరలు సుమారు అంకెలలో వేశాను: గ్రాఫిక్స్ కార్డు 20,000, ప్రాసెసరు 10,000, మదర్‌బోర్డు 7,500, తెర 7,000, ర్యాము 4,000, ఎస్.ఎం.పి.ఎస్. 4,000, ఎస్.ఎస్.డి. 3,500; క్యాబినెట్ 3,000; కీబోర్డు, మౌసు కలిపి 1,000. కూడండి. సరిగ్గా 60 వేలు! మూడింట ఒక వంతు డబ్బు కార్డుకే పోయింది. అనగా ఒకటిన్నర టన్నులకు పైగా కాయలు. ఆటల కంప్యూటరుకు అది న్యాయమే. ఉత్తరాలు, లెక్కలు రాసుకునే కంప్యూటరుకైతే వేరే కార్డు అక్కరలేదు, అందులో సగం డబ్బు చాలు.

ఈ ధరలు ఈనాడు వుండవు. 2025 చివరి నెలల నుంచి ప్రపంచమంతటా మెమరీ ధరలు బాగా పెరిగినవి. కృత్రిమ మేధ కోసం పనిచేసే పెద్ద పెద్ద కంప్యూటరు కేంద్రాలు మెమరీ చిప్పులను విరివిగా కొంటూండటం ఇందుకు ముఖ్య కారణం. ఎక్కడో అమెరికాలో కట్టే కేంద్రానికీ, పూతలపట్టు అబ్బాయి ర్యాముకూ ఇటువంటి లంకె వున్నది! కనుక అంకెలను బట్టీ పట్టకండి, పాళ్లు గుర్తుంచుకోండి.

మదర్‌బోర్డు గురించి ఒక జాగ్రత్త. ప్రాసెసరూ, బోర్డూ తాళమూ తాళంచెవీ వంటివి. ఏఎం4 రకం ప్రాసెసరుకు 1,331 సన్నని కాళ్లు వుంటవి. అది ఏఎం4 బోర్డులోనే కూర్చుంటుంది. 2022లో వచ్చిన ఏఎం5 రకానికి 1,718 స్పర్శ స్థానాలు. దానికి బోర్డు వేరు, ర్యాము కూడా డీడీఆర్5 రకంది కావాలి. ఏఎం5 కొంటే ముందుముందు కొత్త ప్రాసెసర్లు మార్చుకునే వీలు ఎక్కువ, కాని ఆ రోజున మా డబ్బు అందుకు చాలలేదు. ఏఎం4 పాతబడిన దారే. అయినా అబ్బాయి ఇంటరు ముగించేదాకా నడవగలదు. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అనే అక్షరం వుంటే దానికి బొమ్మ గీసే శక్తి సొంతంగా లేదని అర్థం. మా రైజెన్ 5 5600కు కూడా లేదు. కార్డు లేకపోతే తెర నల్లగానే వుంటుంది. తెర తీగను కార్డుకే తగిలించాలి, బోర్డుకు కాదు.

చెన్నైలో రిచీ వీధి, బెంగుళూరులో ఎస్పీ రోడ్డు, సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటరు సామానుకు పేరుపొందిన చోట్లు. తిరుపతి నుంచి రైలెక్కితే మూడు నాలుగు గంటలలో చెన్నై చేరవచ్చు. అక్కడ కొన్ని వస్తువులు చవకగా దొరకవచ్చు. అయితే చార్జీలు, ఒక రోజు కూలి, రేపు ఒక భాగం చెడిపోతే మళ్లీ పోయి రావటం కూడా ధరలో కలిపి చూడాలి. ఎక్కడ కొన్నా బిల్లు తప్పక తీసుకోవాలి. ఈ భాగాలమీద నూటికి 18 రూపాయల జీఎస్టీ వుంటుంది. ఆ పన్ను ఎగవేద్దామని బిల్లు వదులుకుంటే వారంటీ కూడా వదులుకున్నట్లే.

మరునాడు ఆ అబ్బాయి ఇంట్లోనే బల్లమీద పాత వార్తాపత్రికలు పరిచి కంప్యూటరు బిగించాడు. ముందుగా ఇనుప కిటికీ చువ్వను ముట్టుకున్నాడు. ఒంటిమీది స్థిరవిద్యుత్తు పోవటానికి. ప్రాసెసరు మూలన వున్న చిన్న త్రికోణం గుర్తును బోర్డుమీది గుర్తుతో సరిచూసి, బలం ఉపయోగించకుండా వదిలాడు. దానంతట అది కూర్చుంది. సాయంకాలానికి తెరమీద వెలుగు వచ్చింది. తండ్రి తోటనుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. "ఇది ఒట్టి ఆటలకేనా అయ్యవారూ?" అని అడిగాడు. ఆట గీసే కార్డే బ్లెండర్ అనే ఉచిత సాధనంతో బొమ్మలు చేయిస్తుంది. పైథాన్‌లో ప్రోగ్రాములు రాసి, సొంత ఆటలు కూడా తయారుచేయవచ్చు. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం కూడా ఉచితంగా దొరుకుతుంది. దొంగ కాపీలతో పనిలేదు. ఈ సంగతులు నేను చెప్పేలోగానే అబ్బాయి చెప్పటం మొదలుపెట్టాడు.

ఒక్క యూపీఎస్ మాత్రం కొనలేకపోయాం. కరెంటు ఉన్నట్టుండి పోతే కంప్యూటరును సక్రమంగా మూయటానికి పది నిమిషాలు వ్యవధి ఇచ్చే పెట్టె అది. అందులో బ్యాటరీ వుంటుంది. తిరుపతి పక్కనే కరకంబాడిలో 1985లో మొదలైన అమర రాజా వారి కర్మాగారం బ్యాటరీలకు దేశమంతటా పేరు తెచ్చుకున్నది. రేణిగుంట వైపు టెలివిజన్లు, ఫోన్ల భాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలు వచ్చినవి. శ్రీసిటీలో 2015లో ఫోన్లు బిగించటం ప్రారంభించారు. మన ప్రాసెసరులోని చిప్పు మాత్రం తైవానులో తయారైనది. యూపీఎస్ వచ్చే పంటకు కొంటానని ఆ రైతు అన్నాడు. అప్పటిదాకా ఉరుములు మెరుపులు వస్తే తీగ పీకివేయమని అబ్బాయికి చెప్పి వచ్చాను.

ఇప్పుడు మీ వంతు. ఒక కాగితం తీసుకోండి. మీ ఇంట్లో ఎంత డబ్బు ఇవ్వగలరో అడిగి పైన రాయండి. ఆ డబ్బు దేని నుంచి వచ్చింది, పాలు అమ్మగానా, బట్టలు కుట్టగానా, జీతంలో మిగల్చగానా, అది కూడా పక్కన రాయండి. తరువాత తొమ్మిది గళ్లు గీసి, తెర మొదలుకొని మౌసు దాకా ఈనాటి ధరలు వేసి కూడండి. మొత్తం మించితే ఏ గడిలో తగ్గించాలో మీరే నిర్ణయించండి. ఎస్.ఎం.పి.ఎస్. గడిని మాత్రం ముట్టుకోకండి!